మట్టిబాట నుంచి తారురోడ్డుకి: తొలి రోడ్డు బండి ఏది తీసుకోవాలి?

చిన్నప్పటి నుంచి మట్టిలో బండి తోలినవాళ్లకి లైసెన్సు వయసు రాగానే సలహాలు రెండు రకాలుగా వస్తాయి. "రోడ్డుకి కొత్త కదా, చిన్నది, పొట్టిది, మెత్తగా పోయేది తీసుకో" అని ఒకరంటారు. "ఇన్నేళ్లుగా తోలుతున్నావు, నీకేంటి భయం, 600 సీసీ తీసేసుకో" అని ఇంకొకరంటారు. మొదటి సలహా మీ చేతిపనిని లెక్కలోకి తీసుకోదు. రెండోది రోడ్డునే లెక్కలోకి తీసుకోదు.

క్లచ్, గేరు, బ్యాలెన్స్ గురించి మీరు ఆలోచించాల్సిన పని లేదు, అవి చేతికి వచ్చేశాయి. ఎదురుగా వచ్చే కారు, పక్క సందులోంచి దూసుకొచ్చే వ్యాను, వెనక అంటుకుని వచ్చే లారీ మాత్రం కొత్త. కాబట్టి తొలి రోడ్డు బండి మీ దృష్టిని తనవైపు లాక్కోకుండా ఆ కొత్త పనికి వదిలేయాలి. కింద ప్రతి రకాన్నీ ఈ కొలతతోనే చూశాను.

## మట్టి నేర్పినది, నేర్పనిది

అమెరికాలో 1981లో వెలువడిన హర్ట్ నివేదిక బైకు ప్రమాదాల గురించి ఇప్పటికీ ఎక్కువగా ప్రస్తావించే అధ్యయనం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ బృందం 900 ప్రమాదాలను స్థలానికి వెళ్లి మరీ పరిశీలించింది. పాతదే అయినా, మట్టిలో తోలినవాళ్లకి సూటిగా పనికొచ్చే మూడు విషయాలు అందులో ఉన్నాయి.

మొదటిది శుభవార్త. మట్టిబాటల్లో తోలిన అనుభవం ఉన్నవాళ్లు ఆ ప్రమాదాల్లో చెప్పుకోదగ్గంత తక్కువగా కనిపించారు. మీ అనుభవం వృథా పోదన్నమాట.

రెండోది: సుమారు నాలుగింట మూడు వంతుల ప్రమాదాలు మరో వాహనంతో ఢీకొన్నవి. వాటిలో మూడింట రెండు వంతుల్లో తప్పు అవతలి వాహనానిదే. బైకుకి దారి ఇవ్వాల్సినవాడు ఇవ్వలేదు, చాలాసార్లు అసలు చూడనే లేదు. మట్టిలో ఎంత బాగా తోలినా దీనికి తర్ఫీదు దొరకదు. అక్కడ కూడళ్లు లేవు, ఫోన్ చూసుకుంటూ మలుపు తిప్పే డ్రైవరు లేడు.

మూడోది బ్రేకుల సంగతి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఎక్కువమంది వెనక బ్రేకు తొక్కేసి చక్రాన్ని జార్చారు, ముందు బ్రేకుని చాలినంత వాడలేదు. మట్టిలో తోలినవాళ్లకి ఇది బాగా తెలిసిన అలవాటే. వదులు మట్టి మీద ముందు బ్రేకు గట్టిగా పడితే బండి కూలబడుతుంది కాబట్టి చెయ్యి దానికి జంకుతుంది. వెనక చక్రాన్ని జార్చి బండి తిప్పడం అక్కడ ఒక నేర్పు. తారు మీద లెక్క తిరగబడుతుంది. గట్టిగా ఆపినప్పుడు బరువంతా ముందుకు వచ్చి వెనక చక్రం తేలికైపోతుంది, బండిని ఆపే పనిలో సింహభాగం ముందు చక్రానిదే.

ఇంకా కొన్ని అలవాట్లు రోడ్డెక్కగానే అడ్డు తగులుతాయి. మలుపులో కాలు చాపడం వాటిలో ఒకటి. మట్టిలో బూటు జారుతుంది, తారు దాన్ని పట్టుకుని మడమనో మోకాలినో మెలితిప్పుతుంది. బండిని వంచి ఒంటిని నిటారుగా ఉంచడం ఇంకొకటి. నెమ్మది మలుపుల్లో బాగానే పనిచేస్తుంది. వేగంగా పోయే మలుపులో మాత్రం అదే మలుపు కోసం బండి ఉన్నదానికన్నా ఎక్కువ వంగాల్సి వస్తుంది, వంచడానికి మిగిలిన జాగా అనవసరంగా అయిపోతుంది.

జారడం కూడా ఒకలాంటిది కాదు. మట్టిలో టైరు ముందుగా చెప్పి జారుతుంది, తారు మీద చివరిదాకా పట్టుకుని ఒక్కసారిగా వదిలేస్తుంది. వెనక చక్రం జారినప్పుడు కంగారుపడి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే, టైరుకి పట్టు మళ్లీ దొరికి బండి మనిషిని పైకి ఎగరేసి అవతల పడేస్తుంది. పక్కకి పడటం కన్నా ఇది చాలా ప్రమాదం.

పక్క అద్దాలు, ఇండికేటర్లు చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ వెనక్కి చూడాల్సిన అవసరమే లేకుండా ఏళ్ల తరబడి తోలిన మనిషికి అద్దం చూసే అలవాటు ఒక్క వారంలో రాదు. ఇండికేటర్ వేసి ఆపడం మరచిపోయేవాళ్లలో మట్టి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువని నా గమనిక.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

చట్టం ముందు. బండి నచ్చాక లైసెన్సు చూసుకోవడం తలకిందుల పని. యూరప్‌లో 18 ఏళ్లకి దొరికే ఏ2 లైసెన్సుకి 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్‌పవర్ పరిమితి. 16 ఏళ్లకి దొరికే ఏ1కి 125 సీసీ, 11 కిలోవాట్లు. జపాన్‌లో మధ్యస్థాయి లైసెన్సు 400 సీసీతో ఆగిపోతుంది. చాలా బండ్లు సరిగ్గా 399 దగ్గర ఆగడానికి కారణం ఇదే. ఆస్ట్రేలియాలో కొత్తవాళ్లకి 660 సీసీ, టన్నుకి 150 కిలోవాట్లు హద్దు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ఇలాంటి మెట్లు లేవు. చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి తీసుకోవచ్చు అనుకునే ప్రమాదం అక్కడే ఎక్కువ.

ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు. పైన చెప్పిన బ్రేకు అలవాటు వల్ల, మామూలు కొత్తవాళ్ల కన్నా మీకే ఇది ఎక్కువ అవసరం. "ఏబీఎస్ మట్టిలో పనికిరాదు, నాకొద్దు" అనే మాట ఈ వర్గంలో తరచూ వినిపిస్తుంది. మట్టి వరకు అందులో నిజముంది. అందుకే రెండు పనులకీ తయారైన చాలా బండ్లలో వెనక ఏబీఎస్‌ని ఆపుకునే వీలు పెట్టారు. రోడ్డు మీద మాత్రం దాన్ని ఆపాల్సిన పని రాదు. వేగం రెట్టింపైతే బ్రేకు మీద ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. పొడి తారు మీద బాగా బ్రేకు వేసినా గంటకి 50 కిలోమీటర్ల నుంచి ఆగడానికి సుమారు 14 మీటర్లు పడితే, 100 నుంచి సుమారు 55 పడుతుంది. చూసి, తేరుకుని, బ్రేకు పట్టేలోపు పోయే దూరం దీనికి అదనం. మట్టిలో 100 దాటడం అరుదు కాబట్టి కళ్లకి ఈ లెక్క ఇంకా అలవాటు పడి ఉండదు.

పవర్ అంకె కాదు, అది వచ్చే తీరు. "నా 250 మోటోక్రాస్ బండికే 40 హార్స్‌పవర్, బరువు 105 కిలోలు. 300 సీసీ రోడ్డు బండి నాకు బొమ్మ" అనే వాదన సగం నిజం. మోటోక్రాస్ బండి, అంటే మట్టి ట్రాకు పోటీల బండి, పొట్టి గేర్లతో తన బలమంతా తక్కువ వేగంలోనే ఖర్చు పెట్టేస్తుంది. 400 సీసీ రోడ్డు బండి అదే బలాన్ని సాగదీసి 160 దాకా తీసుకెళ్తుంది. మొదటి 50 కిలోమీటర్ల వేగంలో కలిగే ఉత్సాహంతో రోడ్డు బండిని అంచనా వేస్తే మోసపోతాం. రోడ్డు బండి అసలు ప్రమాదం, వేగం వేగంలా అనిపించకపోవడం.

బరువు. 105 కిలోల బండికి అలవాటైన మనిషికి 190 కిలోల బండి ఆగి ఉన్నప్పుడు, యూటర్న్ తిప్పేటప్పుడు తేడా చూపిస్తుంది. కదిలాక పెద్దగా తెలియదు. మట్టిలో ఒరిగిపోతున్న బండిని కాలితో ఆపేస్తాం, ఇక్కడ ఆ కాలు సరిపోదు.

సీటు ఎత్తు. మామూలు కొత్తవాళ్లకి దీని గురించి పేజీలకి పేజీలు రాస్తారు. మీకు ఒక్క మాట చాలు: 930 మిల్లీమీటర్ల సీటు మీద మునివేళ్లతో ఆగడం అలవాటైన వాళ్లకి 830 సమస్యే కాదు.

పడితే పోయేది, ఇన్సూరెన్సు. మట్టి బండి రోజుకి రెండుసార్లు పడ్డా లివర్ వంగుతుంది, అంతే. ప్లాస్టిక్ తొడుగులున్న స్పోర్ట్స్ బండి నిలబడిన చోట ఒక్కసారి ఒరిగినా ఖర్చు గట్టిగానే ఉంటుంది. చిన్న వయసు వాళ్లకి చాలా దేశాల్లో ఇన్సూరెన్సు బండి రకాన్ని బట్టి బాగా మారిపోతుంది. బండి ధర అడిగే ముందే నాలుగు మోడళ్లకి ఇన్సూరెన్సు ధర అడిగి చూడండి, జాబితా దానంతట అదే చిన్నదైపోతుంది.

## ఒక్క చూపులో

అంకెలు సుమారుగా ఇచ్చినవి. ఏడాదిని బట్టి, అమ్మే దేశాన్ని బట్టి కొంచెం మారతాయి.

| రకం | ఉదాహరణ | ఇంజను (సీసీ) | హార్స్‌పవర్ | బరువు (కిలోలు) | సీటు (మి.మీ.) |
|---|---|---|---|---|---|
| డ్యూయల్ స్పోర్ట్ | హోండా సీఆర్‌ఎఫ్ 300ఎల్ | 286 | 27 | 142 | 880 |
| సూపర్‌మోటో | సుజుకి డీఆర్-జెడ్ 400ఎస్ఎం | 398 | 40 | 146 | 890 |
| నేకెడ్, ఒక సిలిండర్ | కేటీఎం 390 డ్యూక్ | 373 లేదా 399 | 44 | 165–170 | 820–830 |
| నేకెడ్, రెండు సిలిండర్లు | యమహా ఎంటీ-03 | 321 | 42 | 168 | 780 |
| నేకెడ్, కాస్త పెద్దది | హోండా సీబీ500ఎఫ్ | 471 | 47 | 189 | 785–790 |
| చిన్న స్పోర్ట్స్ | కవాసాకి నింజా 400 | 399 | 45 | 168 | 785 |
| అడ్వెంచర్ | రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 | 452 | 40 | 196 | 825–845 |
| క్రూయిజర్ | హోండా రెబెల్ 500 | 471 | 46 | 190 | 690 |
| మధ్యస్థం | యమహా ఎంటీ-07 | 689 | 73 | 184 | 805 |

## ఉన్న మట్టి బండికే నంబరు ప్లేటు?

అందరికీ ముందు తట్టే ఆలోచన ఇదే: లైట్లు, అద్దాలు, హారను బిగించి రిజిస్టర్ చేయించేస్తే ఖర్చు కలిసొస్తుంది కదా అని. కొన్ని చోట్ల చట్టం ఒప్పుకుంటుంది, చాలాచోట్ల ఒప్పుకోదు. ఒప్పుకున్న చోట కూడా నేను వద్దంటాను.

రోడ్డు బండి వెనక హబ్బులో రబ్బరు ముక్కలు ఉంటాయి. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు, వదిలినప్పుడు వచ్చే కుదుపుని అవి మింగేస్తాయి. పోటీ కోసం చేసిన మట్టి బండ్లలో సాధారణంగా అవి ఉండవు. మట్టిలో చక్రం కాస్త జారి ఆ కుదుపుని సర్దుకుంటుంది. తారు జారనివ్వదు కాబట్టి దెబ్బంతా చెయిన్‌కి, గేర్‌బాక్సుకి తగులుతుంది. పైగా ఆ ఇంజన్లలో ఆయిల్ లీటరు అటూఇటూ మాత్రమే పడుతుంది, మార్చాల్సింది కిలోమీటర్ల లెక్కన కాదు, గంటల లెక్కన. రోజూ కాలేజీకో పనికో వెళ్లి వస్తే నెల తిరక్కుండానే పలుమార్లు ఆయిల్ మార్చాలి. బొడిపెల టైర్లు తడి తారు మీద నమ్మదగ్గవి కావు. ఏబీఎస్ సంగతి సరేసరి. ఉన్న బండిని దాని పనికి వదిలేయండి.

## డ్యూయల్ స్పోర్ట్

హోండా సీఆర్‌ఎఫ్ 300ఎల్, కవాసాకి కేఎల్ఎక్స్ 300, పాతవాటిలో యమహా డబ్ల్యూఆర్250ఆర్ ఈ రకం, మట్టికీ రోడ్డుకీ రెండింటికీ చేసినవి. కూర్చున్న క్షణం నుంచే మీ బండిలా ఉంటుంది: వెడల్పు హ్యాండిల్, ఎత్తు సీటు, నిటారు కూర్పు. ఎత్తు మీద కూర్చుంటారు కాబట్టి కార్ల పైనుంచి ముందు ఏం జరుగుతోందో కనిపిస్తుంది. ట్రాఫిక్‌కి కొత్తవాళ్లకి ఇది పెద్ద లాభం. పడేసినా పెద్దగా నష్టముండదు.

రోడ్డు మీద లోటు పెద్ద దారుల్లో బయటపడుతుంది. 90 దాకా హాయిగా పోతుంది, 110 దగ్గర ఇంజను గోల పెడుతుంది, అక్కడి నుంచి ఓవర్‌టేక్ చేయడానికి చేతిలో ఏమీ మిగలదు. వెనక లారీ తరుముతున్నప్పుడు ఆ మిగులు లేకపోవడం ప్రమాదమే. ఫోర్కులు పొడుగు, మెత్తన కాబట్టి గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు బాగా దిగుతుంది. అది మీకు అలవాటే, మామూలు కొత్తవాళ్లు హడలిపోతారు. సీటు సన్నం, గంట దాటితే తొడలు పట్టేస్తాయి. ట్యాంకు కూడా చిన్నదే, సీఆర్‌ఎఫ్ 300ఎల్‌ది 7.8 లీటర్లు.

దీని అసలు అందం వేరే ఉంది. ఇంటి గేటు నుంచి బయల్దేరి, తారు మీదుగా మట్టిబాట దాకా వెళ్లి, తోలుకుని, అదే బండి మీద తిరిగి రావచ్చు. ట్రాలీ, వ్యాను అక్కర్లేదు. ఒక్క బండే పెట్టుకోగలిగినవాళ్లకి దీన్ని మించినది లేదు.

ఇంట్లో ఇప్పటికే మంచి మట్టి బండి ఉంటే మాత్రం డ్యూయల్ స్పోర్ట్ కొనొద్దు. ఉన్నదాన్నే నీళ్లు కలిపి మళ్లీ కొన్నట్టవుతుంది. మట్టి పనికి అది ఉన్నప్పుడు రోడ్డు పనికి రోడ్డు బండే కొనండి.

## సూపర్‌మోటో

మట్టి బండికి 17 అంగుళాల చక్రాలు, రోడ్డు టైర్లు, పెద్ద ముందు డిస్కు వేస్తే సూపర్‌మోటో. మీకు వెంటనే నచ్చేది ఇదే, నేను కాస్త వెనక్కి లాగేదీ ఇదే. తేలిక, పొడవైన సస్పెన్షన్, సందుల్లో దీన్ని పట్టుకునేది లేదు. కానీ ఈ బండి మీ పాత అలవాట్లన్నిటికీ వంత పాడుతుంది: కాలు చాపమంటుంది, వెనక చక్రం జార్చమంటుంది, ముందు చక్రం లేపమంటుంది. రోడ్డు నేర్చుకోవాల్సిన ఏడాదంతా మట్టి విద్యని తారు మీద ప్రదర్శించడంతోనే సరిపోతుంది.

2005లో వచ్చిన డీఆర్-జెడ్ 400ఎస్ఎంకి ఏబీఎస్ లేదు. 2025లో దాని స్థానంలోకి వచ్చిన డీఆర్-జెడ్4ఎస్ఎంకి ఉంది. ఈ రకమే కావాలని పట్టుబడితే ఏబీఎస్ ఉన్నదే చూడండి. మూసి ఉన్న ట్రాకు మీద తోలే వీలుంటే దీని సరదా అక్కడ తీర్చుకోవడం ఉత్తమం.

## నేకెడ్: నా ఓటు దీనికే

తొడుగులు లేని, వెడల్పు హ్యాండిల్ ఉన్న 300 నుంచి 500 సీసీ రోడ్డు బండి. మట్టి నుంచి వచ్చేవాళ్లలో పదిమందిలో ఏడుగురికి ఇదే చెబుతాను. హ్యాండిల్ మీ బండిలాగే వెడల్పు, కాళ్లు ఒంటి కింద ఉంటాయి కాబట్టి గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేవగలరు, మెడ నిటారుగా ఉండి చుట్టూ కనిపిస్తుంది. ఒరిగినా లివరు, అద్దం, ఇండికేటర్‌తో పోతుంది. కొత్త విషయాలు రెండే: బరువు, ట్రాఫిక్.

ఈ రకంలోనే స్వభావాలు వేరు. 390 డ్యూక్ ఒక సిలిండర్ బండి, సూపర్‌మోటోకి రోడ్డు మీద తమ్ముడి వరస. తక్కువ వేగంలో టక్కున లాగుతుంది, చేతి కింద చురుకు. మట్టి బండి ఇంజను శబ్దం, కుదుపు ఇష్టపడేవాళ్లకి ఇది ఇంటి మనిషిలా ఉంటుంది. ఆ చురుకే అలవాట్లని రెచ్చగొడుతుంది కూడా. ఎంటీ-03 రెండు సిలిండర్ల బండి, కింద మెత్తగా ఉండి పైకి తిప్పినకొద్దీ వస్తుంది. మట్టి బండి ఇంజన్ని ఎగలాగడం తెలిసినవాళ్లకి ఇందులో మజా ఉంది, తెలియనివాళ్లకి ఇది సాధువు. సీబీ500ఎఫ్ బరువు ఎక్కువ, కానీ పెద్ద దారిలో నాలుగు గంటలు కూర్చోబెడుతుంది, ఏ2 పరిమితికి సరిగ్గా సరిపోతుంది, రెండుమూడేళ్లు మార్చాలనిపించదు. "ఉత్సాహం లేదు" అని దాన్ని తీసిపారేస్తారు. తొలి ఏడాదికి అది లోపమని నేను అనుకోను.

మూడింట్లో ఒకటి చెప్పమంటే: రోజూ ఊళ్లో తిరిగేవాళ్లకి ఎంటీ-03, దూరాలు వెళ్లేవాళ్లకి సీబీ500ఎఫ్. తనని తాను అదుపులో పెట్టుకోగలనని ఇప్పటికే నిరూపించుకున్న మనిషికి డ్యూక్.

## చిన్న స్పోర్ట్స్ బండ్లు

నింజా 400, యమహా ఆర్3 పెద్ద స్పోర్ట్స్ బండ్లలా కనిపిస్తాయి కానీ లోపల మర్యాదస్థులు. ఆర్3, ఎంటీ-03లది ఒకే ఇంజను. తేడా హ్యాండిల్‌లోనూ తొడుగుల్లోనూ. హ్యాండిల్ కిందికి, సన్నగా ఉండటంతో బరువు కాస్త ముందుకు పడుతుంది. ఇందులో ఒక మేలుంది: ఈ కూర్పులో మట్టి పద్ధతి కుదరదు, ఒళ్లు తానే మలుపు లోపలికి వంగడం నేర్చుకుంటుంది. ట్రాకు మీదికి వెళ్లాలనే కోరిక ఉన్నవాళ్లకి నింజా 400 గట్టి ఎంపిక. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో మణికట్లు నొప్పెడతాయి, ఒరిగితే తొడుగు పగులుతుంది.

## అడ్వెంచర్ బండ్లు

హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్, హోండా ఎన్‌ఎక్స్500. పేరు చూసి, హిమాలయన్‌కి ముందున్న 21 అంగుళాల చక్రం చూసి "ఇది నా బండి" అనుకుంటారు. మట్టి బండిలా తోలబోతే 196 కిలోలు గుర్తొస్తాయి. గుంతల రోడ్లు, కంకర దారులు, సామాను కట్టుకుని వెళ్లే ప్రయాణాలు దీని చోటు. దూకించడం, ఇసుకలో ఈదడం దీని పని కాదు. అదే రోడ్డు బండిగా చూస్తే చాలా మంచిది: ఎత్తు, గాలి అడ్డు, పెద్ద ట్యాంకు. పాడైన రోడ్ల మీదే ఎక్కువ తిరగాల్సిన వాళ్లకి నేకెడ్ కన్నా ముందు దీన్నే చెబుతాను.

## క్రూయిజర్

ఒక్క ముక్కలో: వద్దు. రెబెల్ మంచి బండే, కొత్తవాళ్లకి బంగారం. కానీ దాని గొప్పదనమంతా 690 మిల్లీమీటర్ల సీటులో ఉంది, మీకు ఆ అవసరం లేదు. కాళ్లు ముందుకు ఉండే క్రూయిజర్ల మీద గుంత వస్తే లేవలేరు, మీకు బాగా తెలిసిన ఆయుధం చేతిలోంచి జారిపోతుంది. ఆ కూర్పే ఇష్టమైతే తీసుకోండి, ఇష్టం ముందు లెక్కలు నిలబడవు.

## 650–700, ఆపైన 600 స్పోర్ట్స్

ఎంటీ-07, సుజుకి ఎస్‌వీ650 లాంటివి 73–75 హార్స్‌పవర్ బండ్లు. పవర్ దడదడా పడకుండా వరసగా వస్తుంది. మట్టిలో పెద్ద బండ్ల మీద పోటీల స్థాయిలో తోలి, ఇరవై దాటి, శిక్షణ తరగతికి కూడా వెళ్లిన మనిషి వీటితో మొదలుపెడితే నేను వాదించను. మిగతావాళ్లకి ఇవి చక్కటి రెండో బండ్లు.

యమహా ఆర్6, హోండా సీబీఆర్600ఆర్ఆర్ లాంటి నాలుగు సిలిండర్ల 600ల సంగతి పూర్తిగా వేరు. "650 సరే అన్నావు, 600 ఎందుకు కాదు?" అని అడుగుతారు. సీసీ అంకె ఇక్కడ ఏమీ చెప్పదు. ఆర్6ది సుమారు 117 హార్స్‌పవర్, మొదటి గేరులోనే 100 దాటేస్తుంది, బలమంతా ఇంజను బాగా వేగంగా తిరిగేటప్పుడు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బ్రేకు, హ్యాండిల్ ట్రాకు కోసం పదును పెట్టినవి, కంగారులో చేసిన చిన్న కదలికకి కూడా పెద్దగా స్పందిస్తాయి. అమెరికాలో హైవే భద్రత ఇన్సూరెన్స్ సంస్థ ఐఐహెచ్ఎస్ 2007లో చెప్పిన లెక్క ప్రకారం, ఈ రకం సూపర్‌స్పోర్ట్ బండ్ల మీద చనిపోయేవారి రేటు ఇతర రకాల బండ్లతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు. తోలేవాళ్లు ఎక్కువగా కుర్రవాళ్లు కావడం కూడా దానికి ఒక కారణమే. ఆ కుర్రవాళ్లలో మీరూ ఒకరు.

## ఎవరికి ఏది

మట్టికి, రోడ్డుకి కలిపి ఒక్క బండే పెట్టుకోగలిగితే, మట్టిబాటలు ఇంటికి గంట దూరంలో ఉంటే డ్యూయల్ స్పోర్ట్. దారి మధ్యలో వేగంగా పోయే పెద్ద రోడ్డు గంటకి మించి ఉంటే ఈ ఎంపిక మళ్లీ ఆలోచించాలి. 300 సీసీ దాని మీద ప్రాణం విసిగిస్తుంది.

మట్టి బండి ఉంది, అది ఉంటుంది, రోడ్డు బండి అదనం అయితే నేకెడ్.

మీరు బాగా పొడుగైతే ఎంటీ-03, నింజా 400ల మీద మోకాళ్లు ముడుచుకుపోతాయి. 390 డ్యూక్, ఎన్‌ఎక్స్500, హిమాలయన్ ఎక్కి చూడండి. కూర్చుని చూడకుండా అంకెలు చూసి కొనడం పొడుగువాళ్లకి మరీ చేటు.

కొనిపెట్టేది తల్లిదండ్రులైతే వాళ్లతో ఒక మాట. "వీడికి మట్టిలో అన్నీ వచ్చు" అనే ధీమా సగమే నిజం. "300 ఇస్తే నెలకే విసుగొచ్చి అమ్మేస్తాడు" అనే భయం కూడా సగమే. ఈ తరగతి బండ్లు సెకండ్‌హ్యాండ్‌లో వేగంగా అమ్ముడుపోతాయి, ఏడాది తోలి అమ్మినా పెద్దగా నష్టపోరు. మిగిలిన డబ్బు దుస్తుల మీద పెట్టండి. మోటోక్రాస్ జెర్సీ, ప్లాస్టిక్ కవచం మట్టి మీద, రాళ్ల మీద దెబ్బకి చేసినవి. తారు మీద ఒళ్లు రాసుకుపోతే ఆ జెర్సీ క్షణం ఆగదు. ముందుకు పొడవుగా అంచున్న మట్టి హెల్మెట్‌ని 100 దగ్గర గాలి పైకి లాగి మెడ నొప్పి పుట్టిస్తుంది. తోలు లేదా రాపిడికి తట్టుకునే బట్టతో చేసిన జాకెట్టు, ప్యాంటు, రోడ్డు హెల్మెట్, గ్లవ్స్ బండి బడ్జెట్‌లో భాగం. ఒక రోజు రోడ్డు శిక్షణ కూడా అందులోదే. హర్ట్ నివేదికలోని ప్రమాదాలకి గురైనవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే.

## సెకండ్‌హ్యాండ్ చూసేటప్పుడు

మట్టి బండ్లు చూసిన కన్ను మీకుంది కాబట్టి చెయిన్, పళ్లచక్రాలు, ఫోర్కు సీళ్ల గురించి చెప్పను. రోడ్డు బండికి ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు ఏడాది. గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదై గట్టిపడితే తడిలో జారుతుంది. తాళం తిప్పగానే ఏబీఎస్ దీపం వెలగాలి, బండి కదిలాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని పీకేశారని అనుమానించండి. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి ఫ్రేము మీద హ్యాండిల్ ఆగే చోట దెబ్బ ఉందేమో చూడండి, గట్టిగా పడిన బండి అక్కడ దొరికిపోతుంది. డ్యూయల్ స్పోర్ట్, సూపర్‌మోటోలయితే ఇంజను కింది కాపు విప్పి చూపించమనండి.

బేరం కుదిరి బండి ఇంటికొచ్చాక మొదటి పని ఖాళీ మైదానంలో పొడి తారు మీద. 40 నుంచి మొదలుపెట్టి, ముందు బ్రేకుని గుంజకుండా, నొక్కుతూ నొక్కుతూ పెంచుతూ, ముందు ఏబీఎస్ చేతికి తెలిసేదాకా ఆపి చూడండి. తర్వాత 60 నుంచి. మట్టి నుంచి తెచ్చుకున్న భయం వేళ్లలోంచి పోయేదాకా ఇది కొన్ని రోజులు పడుతుంది, అంతవరకు ట్రాఫిక్‌లోకి పోవద్దు.